కాళ్ల మీద సాలెగూడు నరాలు: సూది మందా, లేజరా, వదిలేయాలా?

1. గంటస్తంభం_వీధి, విజయనగరం

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి పది నెలలు. గంటస్తంభం దగ్గర బట్టల షాపులో చీరల సెక్షన్లో చేస్తున్నాను. పొద్దున్న పదిన్నరకి ఎక్కితే రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. అన్నం తినే అరగంటే కూర్చోవడం.

పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడే కుడి తొడ బయటి వైపు రెండు మూడు ఎర్ర గీతలు కనబడ్డాయి. చిన్నది పుట్టేక బాగా ఎక్కువైపోయేయి. ఇప్పుడు అరచేయంత మేర ఎర్రగా, వంకాయ రంగులో సాలెగూడు అతికించినట్టు ఉంటుంది. మోకాలి వెనక పచ్చగా ఒక గీత పాకింది. కుడి చీలమండ లోపలి వైపు, పట్టీ కిందికి జారి ఆగే చోట, సన్న నరాలు విసనకర్రలా విచ్చుకున్నాయి.

మాఘంలో మా చెల్లి పెళ్లి. పెళ్లింట్లో కాళ్లకి పసుపు రాసేటప్పుడు అందరి కళ్లూ అక్కడే పడతాయి. షాపులో ఒకామె ఇప్పటికే "ఏటమ్మా, దెబ్బ తగిలిందా?" అని అడిగింది. నాకు చాలా బాధేసింది. మా వీధి డాక్టరు గారికి చూపిస్తే నరాల బలహీనత అని విటమిన్ మాత్రలు రాసేరు. రెండు నెలలు మింగేను, ఒక్క గీతైనా తగ్గలేదు. విశాఖలో లేజర్‌తో ఒక్క రోజులో పోతాయని మా వదిన అంటోంది. సూది మందు మంచిదని ఇంకొకరు. చేయించుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. పెళ్లిలోపల అవుతుందా?

2. అరసవల్లి_పెద్దమ్మ, శ్రీకాకుళం

తల్లీ, నాకు 61. మూడో కానుపు నుంచీ రెండు కాళ్లకీ ఉన్నాయి. నొప్పి లేదు, మంట లేదు. ముప్పయ్యేళ్లలో ఏమీ అవలేదు. పిల్లల్ని మోసిన కాళ్లు, అలాగే ఉంటాయి. వదిలెయ్యి. ఆ డబ్బుతో చిన్నదానికి మురుగులు చేయించు.

3. నాగావళి_ఒడ్డు, శ్రీకాకుళం

పెద్దమ్మా, మీ మాట కాదనను గానీ ఆ అమ్మాయికి మనసులో బాధగా ఉంది. అది చిన్న విషయం కాదు. నేను టీచర్ని, నేనూ ఇరవై ఏళ్లు బోర్డు ముందు నిలబడ్డాను. పోయినేడాది సూది మందు చేయించుకున్నాను, వివరంగా రాస్తాను. దానికి ముందు మూడు సంగతులు చెప్పు చెల్లెమ్మా. సాయంత్రానికి కాలు బరువెక్కుతుందా? చీలమండ దగ్గర వాపు వస్తుందా, అంటే మేజోడు గుర్తు పడుతుందా? పాపకి పాలిస్తున్నావా?

4. గంటస్తంభం_వీధి

అక్కా, పాలిస్తున్నాను. పగలు మా అత్తమ్మ డబ్బా పాలు పడతారు, రాత్రి నా దగ్గరే. బరువు ఉంటుంది, కుడి కాలికే. షాపు మూసే వేళకి పట్టీ బిగుతైపోయి చర్మం మీద దాని గొలుసు అచ్చు పడుతుంది. పొద్దున్నకి మామూలే. నిలబడే పని కదా, అందరికీ అంతే అనుకున్నాను.

5. సర్జరీ_వార్డు, శ్రీకాకుళం

నేను జనరల్ సర్జన్ని. చూడకుండా వైద్యం చెప్పను, తెలిసింది మాత్రం చెప్తాను.

ముందు ఆ 'నరం' అనే మాట సంగతి తేల్చుకోవాలి. మనం నెర్వ్‌నీ నరం అంటాం, రక్తం పారే సిరనీ నరం అంటాం. "కాలి మీద నరాలు తేలేయి" అని పేషెంటు అనగానే బీ-కాంప్లెక్స్ రాసీడం మన జిల్లాల్లో రోజూ జరిగేదే. ఇవి రక్తనాళాలు. విటమిన్ వల్ల మూసుకోవు.

చర్మంలోనే ఉండి, ఒక మిల్లీమీటరు లోపు వెడల్పుతో ఎర్రగా, ఊదాగా కనబడేవి సాలెగూడు నాళాలు. పచ్చగా, నీలంగా 1 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా ఉండేవి రెటిక్యులర్ వెయిన్స్. నీ మోకాలి వెనక గీత అదే కావచ్చు. చాలాసార్లు పైనున్న సాలెగూడుకి రక్తం పంపేది అదే. నిలబడినప్పుడు 3 మిల్లీమీటర్లు దాటి మెలికలు తిరిగి ఉబ్బితే వెరికోస్. జబ్బు ఎంత ముదిరిందో మేం సీ1 నుంచి సీ6 దాకా లెక్క వేస్తాం. సాలెగూడు, రెటిక్యులర్ రెండూ సీ1. వెరికోస్ సీ2, వాపు సీ3, చర్మం నల్లబడి గట్టిపడితే సీ4, మానిన పుండు సీ5, మానని పుండు సీ6.

తొడ మీదవి మాత్రమే అయితే పరీక్షలు లేకుండానే మాట్లాడుకోవచ్చు. నన్ను ఆపింది ఆ విసనకర్ర. చీలమండ లోపలి వైపు అలా విచ్చుకుంటే, దానికి తోడు సాయంత్రం వాపు, బరువు ఉంటే, లోపల పెద్ద సిరలో వాల్వులు సరిగ్గా మూసుకోక రక్తం కిందికి జారుతోందేమో చూడాలి. దానికి డాప్లర్ స్కాన్, శబ్ద తరంగాలతో రక్తం ఎటు పారుతోందో చూసేది. స్కాన్ చేసేవాళ్లని నిలబెట్టి చెయ్యమని అడుగు. పడుకోబెట్టి చేస్తే వెనక్కి జారడం సరిగ్గా తెలియదు. పిక్కని నొక్కి వదిలినప్పుడు రక్తం అర సెకను కన్నా ఎక్కువసేపు వెనక్కి పారితే లోపం అంటాం.

పాలిచ్చే తల్లికి అందం కోసం సూది మందు వెయ్యను. మందు పాలలోకి వెళ్తుందా లేదా అన్నది తేలని సంగతి, ఆగితే పోయేదీ లేదు. గర్భంతో ఉన్నప్పుడైతే అసలే వద్దు. కానుపు తర్వాత కొన్ని వాటంతట అవే పలచబడతాయి, ఒక్కోసారి ఏడాది పడుతుంది. నీకింకా ఏడాది నిండలేదు.

6. నాగావళి_ఒడ్డు

డాక్టరు గారికి ధన్యవాదాలు. ఇక నా సంగతి.

రెండు పిక్కలకీ, తొడలకీ ఉండేవి. డాప్లర్‌లో లోపల బాగానే ఉందని తేలేక స్క్లెరోథెరపీకి, అంటే ఈ సూది మందుకి, ఒప్పుకున్నాను. రైలెక్కి విశాఖ వెళ్లేను, సాయంత్రానికి ఇంటికి వచ్చీసేను. బల్ల మీద పడుకోబెట్టి, పెద్ద లైటు పెట్టి, కళ్లద్దం లాంటి భూతద్దం తగిలించుకుని డాక్టరమ్మ కూర్చున్నారు. సూది చూసి భయపడ్డాను గానీ అది వెంట్రుకంత. 30 గేజ్ అన్నారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి తెలుస్తుంది ఆ సన్నం. ముందు పచ్చ గీతలో వేసి, తర్వాత దాని కొసల్లో ఎర్రవాటికి వచ్చేరు. మందు ఎక్కుతుంటే ఆ ఎర్ర గీత కళ్లెదుటే తెల్లబడి మాయమైంది. వెంటనే చుట్టూ దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. పోయినట్టే అనుకున్నాను. అరగంటలో ఎర్రగా మళ్లీ తేలింది.

అప్పుడు ఆవిడ చెప్పేరు. మందు రక్తనాళాన్ని కరిగించదట, దాని లోపలి పొరని దెబ్బతీస్తుందట. గోడలు ఒకదానికొకటి అంటుకుని, మూసుకుపోయిన నాళాన్ని ఒళ్లే వారాల తరబడి మెల్లగా లాగేసుకుంటుంది. అందుకే అదే రోజు ఫలితం అడగకూడదు. నాకు సన్నవి ఐదారు వారాలకి పలచబడ్డాయి, పచ్చవాటికి మూడు నెలలు దాటింది. మొత్తం మూడు సిట్టింగులు, మధ్యలో ఆరేసి వారాలు. నాకు వేసినది పాలిడోకనాల్, ఎర్రవాటికి అర శాతం, పచ్చవాటికి ఒక శాతం. మంట దాదాపు లేదు. ఆ మందుని మొదట్లో మత్తుమందుగానే తయారుచేశారట. మా తోడికోడలికి ఎప్పుడో గాఢమైన ఉప్పునీళ్లు ఎక్కించేరు, అది మాత్రం పిక్క పట్టేసి ఏడిపించిందంది.

ఇప్పుడు ఎవరూ చెప్పనిది. మొదటి రెండు వారాలు నా కాళ్లు ముందుకన్నా ఘోరంగా కనబడ్డాయి. కమిలిన మచ్చలు. ఎడమ పిక్క మీద ఒక గోధుమ రంగు చార ఏడు నెలలు ఉంది. పెళ్లికి నెల ముందు చేయించుకుంటే పెళ్లిలో నువ్వు దాచుకోవాల్సింది ఎక్కువవుతుంది చెల్లెమ్మా. కనీసం నాలుగైదు నెలలు ముందుండాలి, లేకపోతే తర్వాత.

7. స్కిన్_ఓపీ_సిస్టర్, విజయనగరం

అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఆ గోధుమ చార రక్తంలోని ఇనుము చర్మంలో దిగడం వల్ల వస్తుంది. మూసుకున్న నాళంలో రక్తం గడ్డకట్టి నల్లటి దారంలా చేతికి తగిలితే రెండు మూడు వారాలకి వెళ్లి చూపించుకోవాలి. సూదితో చిన్న రంధ్రం పెట్టి ఆ పాత రక్తం పిండేస్తారు. అలా చేస్తే మరక తక్కువ, సలుపు తక్కువ. చాలామంది ఇది తెలియక ఇంట్లో కూర్చుని పసుపు రాస్తారు.

ఇంకోటి, కొందరికి సూది వేసిన చోట చుట్టూ ఇంకా సన్నని ఎర్రటి జాలు పుడుతుంది. దాన్ని మ్యాటింగ్ అంటారు. చాలావరకు కొన్ని నెలల్లో పోతుంది. చర్మం పుండుపడడం అరుదు. లోపలి సిరలో గడ్డకట్టడం ఇంకా అరుదు. అయినా సూది తర్వాత పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెడితే, ఊపిరి ఆడకపోతే ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. అంతకుముందు గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

8. రాజాం_బస్టాండు

నాకు కాళ్ల మీద కాదు, మొహం మీద. 27 ఏళ్లు. ముక్కు రెండు పక్కలా, బుగ్గల మీద ఎర్ర దారాల్లా నాళాలు. ఎండలో బైక్ మీద వెళ్తే మొహం నిప్పులా అవుతుంది. స్నేహితుడు వాడుతున్నాడని మూడేళ్లుగా ఒక తెల్లబడే క్రీము రాస్తున్నాను. మానేస్తే రెండు రోజులకే మొహం మండి, పొక్కులు వచ్చేస్తున్నాయి, మళ్లీ రాస్తే తగ్గుతోంది. ఈ నాళాలకి లేజర్ చేయించుకుంటే సరిపోతుందా?

9. మందుల_షాపు, నరసన్నపేట

తమ్ముడూ, లేజర్ మాట తర్వాత. ఆ ట్యూబు వెనక సన్న అక్షరాలు చదువు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లలో ఒకటి ఉంటుంది చూడు. అవి స్టెరాయిడ్లు. రాసిన వారంలో మొహం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం సిగరెట్ కాయితంలా పలచబడి, కింది నాళాలు ఉబ్బి పైకి కనబడతాయి. మానేస్తే మంట, రాస్తే ఊరట. నువ్వు చెప్పినది అచ్చంగా అదే.

నేను కౌంటరు వెనక పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. పెళ్లిళ్ల సీజన్లో ఆ ట్యూబులు అడిగేవాళ్లు ఎంతమందో. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. నేను ఇవ్వను. పక్క సందులో దొరుకుతుందని నాకు తెలుసు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీ చెల్లెళ్లకి, కోడళ్లకి చెప్పండి.

10. స్కిన్_ఓపీ_సిస్టర్

రాజాం బాబూ, ఒక్కసారిగా మానెయ్యకు. అలా చేస్తేనే నువ్వు చెప్పిన మంట వస్తుంది. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి ట్యూబుతో సహా వెళ్లు. వాళ్లు మెల్లగా మాన్పిస్తారు, మంటకి వేరే మందులు ఇస్తారు. నెలలు పడుతుంది, ఓపిక కావాలి. ఎండ తగలకుండా చూసుకో, హెల్మెట్ అద్దం దించే ఉంచు. చర్మం కుదుటపడ్డాక మిగిలిన నాళాలకి లేజర్ మాట అడుగు. మొహం మీద సన్నవాటికి లేజర్ బాగా పనిచేస్తుంది, ఒకటీ అరా అయితే సన్న సూదితో కరెంటు పెట్టి కూడా మూసేస్తారు. ఇంకా మంట ఆరని చర్మం మీద చేయించుకుంటే కాలిపోతుంది.

లేజర్ గురించి అందరికీ పనికొచ్చే మాట ఇంకొకటి. లేజర్ వెలుగుని రక్తంలోని ఎరుపు పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి నాళం మూసుకుంటుంది. కానీ మన చర్మంలోని నలుపు కూడా ఆ వెలుగుని పీలుస్తుంది. 532, 595 నానోమీటర్ల లేజర్లు తెల్లచర్మం వాళ్ల మొహాలకి బాగా నప్పుతాయి. మన రంగుకి అవే ఎక్కువ పవర్లో కొడితే పైచర్మం కాలి నల్ల మచ్చలో, తెల్ల మచ్చలో పడతాయి. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ వెలుగుని చర్మంలోని నలుపు తక్కువ పీలుస్తుంది, లోతుకీ దిగుతుంది. కాళ్లకి, మన రంగుకి కొంత భద్రమైనది అదే. అదీ చల్లబరుస్తూ, ముందు చిన్న చోట పరీక్షించి చెయ్యాలి. ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అనేది లేజర్ కాదు, రకరకాల వెలుగుల కలబోత. ఎండకి నల్లబడిన కాళ్ల మీద ఏదీ చేయించుకోకూడదు.

11. చీపురుపల్లి_జంక్షన్

సిస్టర్ గారు ఈ మాట రెండేళ్ల ముందు చెప్పి ఉంటే నా కాళ్లు బాగుండేవి.

నాకు 29. ఒక పట్నంలో బ్యూటీ క్లినిక్ అని బోర్డు చూసి వెళ్లేను. పేరు రాయను. డాక్టరు కనబడలేదు, ఒకమ్మాయి మెషిన్ పట్టుకుని కూర్చుంది. నా కాళ్లు అప్పటికే పొలం ఎండలో నల్లబడి ఉన్నాయి. ఒక్క మాట అడగలేదు. కళ్లకి అద్దాలు పెట్టింది, అంతే. రబ్బరు బ్యాండుతో లాగి కొట్టినట్టు టపటప తగులుతుంటే ఓర్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే పిక్కల మీద రూపాయి బిళ్లంత పొక్కులు వరసగా. అవి మాని తెల్ల మచ్చలయ్యేయి. కొన్ని రంగు తిరిగేయి, నాలుగు అలాగే ఉన్నాయి. ఎర్ర గీతలు ఉన్నచోటే ఉన్నాయి.

ఆ అమ్మాయి మీద కోపం లేదు, తనకి నేర్పినది తను చేసింది. నేను అడగవలసినవి అడగలేదు. మీరు అడగండి. మెషిన్ పేరేటి, ఎన్ని నానోమీటర్లు, మన రంగు చర్మానికి ఎన్నిసార్లు చేసేరు, డాక్టరు గదిలో ఉంటారా, చిన్న చోట పరీక్షించి నెల ఆగుతారా. జవాబు చెప్పకపోతే లేచి వచ్చీండి. డబ్బులు కట్టేం కదా అని కూర్చోవద్దు.

12. సర్జరీ_వార్డు

చదివితే కష్టమనిపించింది. మచ్చలు చర్మ డాక్టరుకి చూపించండి, రెండేళ్లైనా కొంత చెయ్యవచ్చు.

కాళ్ల సాలెగూడుకి నేను మొదట ఎంచుకునేది సూది మందే. లేజర్ మాత్రం సూది పట్టనంత సన్నవాటికి, సూదంటే భరించలేనివాళ్లకి, మందు పడనివాళ్లకి. మొహానికి దాదాపు తిరగేసి, లేజర్ ముందు. "లేజర్ అయితే కొత్తది, మంచిది" అన్న భ్రమతో వచ్చేవాళ్లకి రోజూ ఇదే చెప్తుంటాను. ఇంకో గందరగోళం కూడా ఉంది. పెద్ద సిరలోకి సన్న తీగ దూర్చి లోపలినుంచి మూసేది కూడా లేజరే, కానీ అది వెరికోస్‌కి. చర్మం మీద కొట్టే లేజర్ వేరు. ఫోన్లో "లేజర్ ఎంత?" అని అడిగితే ఏ లేజర్ అని వాళ్లకీ తెలియదు.

13. పలాస_కొడుకుని

మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు చేసింది. కాలి చీలమండ దగ్గర మొదట ఇలాంటి సన్న నరాలే. అప్పుడు నేను ఇంటర్. ఎవరం పట్టించుకోలేదు. తర్వాత ఆ చోటు కాకి నలుపు తిరిగింది, గోకేది. నాలుగేళ్లకి గోకిన చోట పుండు. షుగర్ పుండేమో అని చూపిస్తే షుగర్ లేదు. ఆకు పసర్లు కట్టేం, పౌడర్లు జల్లేం. ఏడాదిన్నర మానలేదు. రాత్రుళ్లు కాలు గోడకి ఆనించి పడుకునేది, అలా అయితేనే నిద్ర పట్టేది. అప్పుడైనా మాకు అర్థం కావలసింది, కాలు పైకెత్తితే ఎందుకు హాయిగా ఉందో.

చివరికి విశాఖలో నిలబెట్టి డాప్లర్ చేసి తొడ పెద్ద సిర పాడైందన్నారు. దాన్ని మూసేసి, పొరలు పొరలుగా కట్టు కట్టేరు. పన్నెండు వారాల్లో పుండు మానింది. ఏడాదిన్నర పుండు.

గంటస్తంభం అక్కా, మీ తొడ మీదవి ఉంచుకోండి, తీసేసుకోండి, మీ ఇష్టం. ఆ చీలమండ మాత్రం స్కాన్ చేయించండి.

14. కవిటి_తోట

ఉద్దానం నుంచి. మా నాన్నకి కిడ్నీలు దెబ్బతిన్నాయి, క్రియాటినిన్ 3 దాటింది. ఆయనకీ కాలి నరాలు ఉబ్బేయి. డాప్లర్ అంటే రంగు మందు ఎక్కిస్తారేమో, కిడ్నీకి చేటేమో అని భయపడి వెళ్లడం లేదు. మా చుట్టుపక్కల స్కాన్ అన్న మాటకే భయం.

15. సర్జరీ_వార్డు

భయం వద్దు, తీసుకెళ్లండి. డాప్లర్‌లో రంగు మందు లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు. కడుపులో బిడ్డని చూసే స్కాన్ లాంటిదే, జెల్ రాసి శబ్ద తరంగాలతో చూస్తారు. మీ నాన్నగారి విషయంలో కాలి వాపు కిడ్నీ వల్లా, సిర వల్లా అన్నది కూడా తేల్చాలి. రెండు కాళ్లూ సమానంగా వాస్తే ముందు కిడ్నీ డాక్టరుకే చెప్పండి. ఇంకో మాట, కాలి నొప్పులకి షాపులో కొనే నొప్పి మాత్రలు ఆయన అస్సలు వెయ్యకూడదు.

16. బొబ్బిలి_కోట_దగ్గర

మా తమ్ముడికి 41. ఛాతీ మీద, మెడ మీద చిన్న ఎర్ర చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా గీతలు. ఏడెనిమిది లెక్కపెట్టేను. తాగుడు ఉంది. వాడు అందంగా లేదని కాల్పించుకుంటానంటున్నాడు.

17. సర్జరీ_వార్డు

అన్నా, ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పోస్టు. కాళ్ల మీద వచ్చేవీ, ఇవీ ఒకటి కాదు. నడిమి చుక్కని పెన్ను మొనతో మెల్లగా నొక్కండి. కాళ్లన్నీ తెల్లబడి, వదలగానే నడుమ నుంచి బయటికి రక్తం నిండితే అది స్పైడర్ నీవస్. ఒకటో రెండో పిల్లల్లో, గర్భిణుల్లో, హార్మోన్ మాత్రలు వాడేవాళ్లలో ఉండవచ్చు, భయం లేదు. తాగే మనిషికి ఛాతీ మీద ఇన్ని వచ్చాయంటే ముందు లివర్ చూడాలి. ఈ వారంలోనే లివర్ పరీక్షలు, కడుపు స్కాన్ చేయించండి. కళ్లు పచ్చబడడం, కడుపు ఉబ్బడం, అరచేతులు ఎర్రగా ఉండడం ఉంటే అదీ చెప్పండి. కాల్పించుకోవడం తర్వాత చూడవచ్చు. ముందే తీసేస్తే మనకి కనబడుతున్న గుర్తు పోతుంది.

18. అరసవల్లి_పెద్దమ్మ

చదివేను అంతా. వదిలెయ్యి అన్నాను గదా, ఆ చీలమండ సంగతి నాకు తెలీదు తల్లీ. స్కాన్ చేయించుకో.

వెల్లుల్లి నూరి పట్టు వేస్తే పోతాయని మా పక్కింటావిడ అంటోంది. నిజమా?

19. స్కిన్_ఓపీ_సిస్టర్

వద్దు పెద్దమ్మా. వెల్లుల్లి పట్టు వేసుకుని చర్మం కాలి వచ్చినవాళ్లని చూశాను. వెనిగర్, నూనె మర్దన, క్రీములు ఏవీ చర్మం లోపలి నాళాన్ని ముయ్యలేవు. మెల్లగా నూనె రాస్తే కాలికి హాయిగా ఉంటుంది, అంతవరకే.

20. గంటస్తంభం_వీధి

స్కాన్ చేయించుకున్నాను. అందరూ చెప్పినట్టు నిలబెట్టి చెయ్యమని అడిగేను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, సరేనమ్మా అని స్టూలు జరిపేరు. లోతు సిరలు బాగున్నాయి. కుడి మోకాలి కింద, చర్మానికి దగ్గరగా ఉండే సిరలో ఒక చోట 0.9 సెకను వెనక్కి వస్తోందట. తొడలో లేదు. కానుపు తర్వాత ఇది తగ్గవచ్చు, పాలు మాన్పించేక మళ్లీ చూద్దాం, ఈలోపు కాలిని బిగించి పట్టే మేజోళ్లు వేసుకోమన్నారు సర్జన్ గారు.

చెల్లి పెళ్లికి ఏమీ చేయించుకోవడం లేదు. నాగావళి అక్క మాటే నిజం, మచ్చలతో నిలబడడం కన్నా గీతలతో నిలబడడం మేలు. మా ఓనరుతో మాట్లాడి ఒక స్టూలు వేయించుకున్నాను. బేరం లేనప్పుడు కూర్చుంటున్నాను. మాతో పనిచేసే మిగతా ముగ్గురూ కూడా కూర్చుంటున్నారు.

21. నాగావళి_ఒడ్డు

చాలా మంచి పని చేసేవు. మేజోళ్ల గురించి. 20–30 ప్రెషర్ అని రాసుంటుంది, అది బిగువు కొలత. కొలత తీయించుకునే కొను, చీలమండ చుట్టూ, పిక్క చుట్టూ, పొద్దున్న పూటే. మంచం దిగకముందే తొడుక్కో, కాలు వాచేక ఎక్కదు. చేతికి గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే జారకుండా పట్టు దొరుకుతుంది. మే నెలలో మాత్రం మన ఉక్కలో భరించలేవు. సూది మందు తర్వాత కూడా ఇవి వేసుకోవాలి కదా, అందుకే సిట్టింగులు కార్తీకం నుంచి మాఘం లోపల పెట్టుకోవాలి. ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నా, నాకు ఒక్కో సిట్టింగు ఆరు వేలు, మేజోళ్లు వేరే. మెడిక్లెయిమ్‌లో రాదు, అందం కోసం చేసేవి అందులో మినహాయింపు. సిట్టింగుకా, మందు సీసాకా, కాలికా, దేనికి లెక్క అని ముందే అడిగి రాయించుకో.

22. బొబ్బిలి_కోట_దగ్గర

తమ్ముణ్ణి తీసుకెళ్లేను. లివర్ గట్టిపడడం మొదలైందన్నారు. ఇప్పుడు మానేస్తే నిలదొక్కుకుంటాడన్నారు. నలభై రోజులైంది, ముట్టలేదు. డాక్టరు గారికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

23. సర్జరీ_వార్డు

చెప్పక్కర్లేదు. చేయి వణకడం, నిద్ర పట్టకపోవడం ఉంటే వెంటనే తీసుకెళ్లండి. మూణ్ణెల్లకి మళ్లీ పరీక్షలు మరవకండి.

24. రాజాం_బస్టాండు

నాలుగు నెలలు పూర్తయింది. క్రీము పూర్తిగా మానేను. మొదటి నెల నరకం. అద్దం చూడలేకపోయేను, సెలవు పెట్టేను. ఇప్పుడు మంట లేదు. ముక్కు పక్కన నాళాలు మాత్రం ఉన్నాయి. ఇంకో రెండు నెలలు ఆగి లేజర్ చూద్దామన్నారు. నాకు ఆ ట్యూబు ఇచ్చిన స్నేహితుణ్ణి కూడా తీసుకెళ్లేను.

25. గంటస్తంభం_వీధి

మళ్లీ కార్తీకం వచ్చింది. ఎవరైనా ఈ చర్చ వెతుక్కుని వస్తారని రాస్తున్నాను.

పాపకి పాలు మాన్పించి ఐదు నెలలైంది. తిరిగి స్కాన్ చేస్తే ఆ వెనక్కి జారడం 0.4కి తగ్గింది, చికిత్స అక్కర్లేదన్నారు. తొడ మీద సాలెగూడు సగం దానంతటదే పలచబడింది. మిగిలిన సగానికి పోయిన నెల మొదటి సిట్టింగు చేయించుకున్నాను. అక్క చెప్పినట్టే మందు ఎక్కుతుంటే గీత తెల్లబడింది, దద్దురు లేచింది. వెంటనే లేచి అరగంట నడవమన్నారు. ఆస్పత్రి వరండాలో అటూ ఇటూ తిరిగేను. మర్నాడే షాపుకి వెళ్లిపోయేను, మేజోళ్లతో.

మూడో వారం మోకాలి వెనక నల్లదారంలా గట్టిగా తగిలింది, నొక్కితే నొప్పి. సిస్టర్ గారు రాసినది గుర్తొచ్చి వెళ్తే సూదితో గుచ్చి పిండేరు. ఆవగింజంత, చిక్కటి నేరేడుపండు రంగు రక్తం. సాయంత్రానికి నొప్పి పోయింది. ఆ చోట చిటికెన వేలంత గోధుమ మరక ఉంది. చీలమండ విసనకర్రని ముట్టుకోలేదు, నేనే వద్దన్నాను. పెళ్లిలో పసుపు రాసినప్పుడు మా మేనత్త చూసింది, తన చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి తన చీలమండ చూపించింది. అచ్చం అదే చోట, అదే ఆకారం. ఆవిడకి 58. సాయంత్రం వాపు ఉందంది. వచ్చే మంగళవారం ఆవిణ్ణి స్కానుకి తీసుకెళ్తున్నాను.

నాకు రెండో సిట్టింగు డిసెంబరులో.